లినక్స్‌లో కెమెరా, మెమరీ కార్డు: ఫోటోలు పోకుండా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం ఎలా

ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా లాంటి ఓపెన్ సోర్స్ సిస్టమ్‌కి కొత్తగా మారినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి, "నా కెమెరా దీనికి పనిచేస్తుందా?" అని. పనిచేస్తుంది. కెమెరా కంపెనీ ఇచ్చిన సీడీ గానీ, డ్రైవర్ గానీ అక్కర్లేదు. కావలసినవన్నీ దాదాపు సిస్టమ్‌లోనే ఉంటాయి. కనెక్ట్ చేయడం కష్టం కాదు. కానీ కనెక్ట్ చేశాక ఫోటోలు పూర్తిగా వచ్చాయని నమ్మకం కుదరకముందే కార్డు ఖాళీ చేసేయడం వల్ల నష్టం జరుగుతుంది. పెళ్లిలో జీలకర్ర బెల్లం ముహూర్తం మళ్లీ రాదు కదా. అందుకే ఇందులో కనెక్ట్ చేయడం గురించి ఎంత చెబుతానో, కాపీ సరిచూసుకోవడం గురించి కూడా అంతే చెబుతాను.

ఉదాహరణలన్నీ ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మిగతా వాటిలో మెనూలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. డెస్క్‌టాప్ భాషని తెలుగుగా పెట్టుకున్నవాళ్లకి పేర్లు వేరుగా కనిపిస్తాయి, గుర్తుల్ని బట్టి పోల్చుకోండి. అక్కడక్కడా కమాండ్లు వస్తాయి. వాటిని పలికే విధంగా రాశాను, టెర్మినల్‌లో (అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో) మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి.

కేబులా, కార్డ్ రీడరా?

కార్డు బయటికి తీయగలిగే కెమెరా అయితే కార్డ్ రీడరే వాడండి. కేబుల్‌తో పెడితే కాపీ అవుతున్నంతసేపూ కెమెరా ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ తగ్గుతూ ఉంటుంది, మధ్యలో కెమెరా నిద్రలోకి పోతే కాపీ ఆగిపోతుంది. కార్డ్ రీడర్‌లో పెడితే లినక్స్‌కి అది మామూలు పెన్ డ్రైవ్ లాంటిదే. కెమెరా ఏ కంపెనీది, ఏ మోడల్ అన్న ప్రశ్నే రాదు.

కేబుల్ తప్పనిసరి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. కార్డు స్లాట్ మూత విరిగిపోవచ్చు. స్టూడియోలో ఫోటో తీసిన వెంటనే పెద్ద స్క్రీన్ మీద చూడాల్సి రావచ్చు. బీరువాలోంచి తీసిన పాత డిజిటల్ కెమెరాలో ఎక్స్‌డీ కార్డో, సోనీ మెమరీ స్టిక్కో ఉంటే దానికి రీడర్ దొరకడం ఇప్పుడు కష్టం, కాబట్టి ఆ కెమెరాకి కేబులే దారి.

రీడర్ కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. మొదటిది, యూఎస్‌బీ 3 అయి ఉండాలి. పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో సెకనుకి 30 నుంచి 40 మెగాబైట్లకి మించి రావు. నిండా ఉన్న 64 జీబీ కార్డు ఖాళీ అవ్వడానికి అరగంట పడుతుంది. యూఎస్‌బీ 3 రీడర్, మంచి యూహెచ్‌ఎస్-1 (వేగంగా పనిచేసే రకం) కార్డు ఉంటే అదే పని పన్నెండు, పదమూడు నిమిషాల్లో అవుతుంది. రీడర్ మంచిదైనా దాన్ని కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 2 పోర్టుకి పెడితే లాభం లేదు. చాలా కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టు లోపలి ప్లాస్టిక్ నీలం రంగులో ఉంటుంది. రెండోది, మీ కార్డు రకం. కార్డు మీద ఎస్‌డీ గుర్తు పక్కన ఏం రాసుందో చూడండి. 4 నుంచి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, అంతకు పైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. 2 జీబీ కార్డుల కాలం నాటి రీడర్ వీటిని గుర్తించదు. ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం ఉండదు, రీడరే మార్చాలి.

కార్డు పెట్టడం, కాపీ చేయడం

పెట్టేముందు ఎస్‌డీ కార్డు ఎడమ అంచున ఉండే చిన్న లాక్ స్విచ్‌ని కిందికి, అంటే లాక్ వైపుకి జరపండి. ఇలా చేస్తే చాలా రీడర్లలో చదవడమే తప్ప రాయడం, తుడిచేయడం కుదరదు. చెయ్యి జారి డిలీట్ నొక్కినా ఫోటోలకి ఏమీ కాదు. మైక్రో ఎస్‌డీ కార్డుకి ఈ స్విచ్ ఉండదు గానీ, దాన్ని పెట్టే అడాప్టర్‌కి ఉంటుంది.

కార్డుని రీడర్‌లో, రీడర్‌ని కంప్యూటర్‌లో పెట్టండి. రెండు మూడు సెకన్లలో ఫైల్స్ విండోలో ఎడమ పక్కన కార్డు పేరు కనిపిస్తుంది. పేరు పెట్టని కార్డయితే "64 జీబీ వాల్యూమ్" అన్నట్టుగా సైజు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే లోపల డీసీఐఎం అనే ఫోల్డర్, దాని లోపల 100 లాంటి అంకెతో మొదలయ్యే ఫోల్డర్లు ఉంటాయి. అన్ని కంపెనీలూ ఒప్పుకున్న పద్ధతి ఇది. ఫోటోలు ఉండేది వాటిలోనే.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి, పని అయిపోయిందనుకుని కార్డు ఫార్మాట్ చేస్తారు. సోనీ కెమెరాల్లో ఎక్స్ఏవీసీ అనే వీడియో పద్ధతిలో తీసినవి డీసీఐఎంలో ఉండవు. ప్రైవేట్ అనే ఫోల్డర్, దానిలో ఎం4రూట్, దానిలో క్లిప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఏవీసీహెచ్‌డీలో తీసిన పాత వీడియోలు కూడా ప్రైవేట్ ఫోల్డర్ లోపలే, ఇంకా లోతుగా ఉంటాయి. కొన్ని ఫోటో ప్రోగ్రాములు డీసీఐఎం వరకే చూసి ఆగిపోతాయి. కాబట్టి ఏ కంపెనీ కెమెరా అయినా సరే, ఒకే అలవాటు చేసుకోండి: లోపల ఏముందో వెతకకుండా, కార్డులో ఉన్న మొత్తం కాపీ చేయండి. కార్డు తెరిచి, కంట్రోల్ ఎ నొక్కి అన్నీ ఎంచుకుని, కంట్రోల్ సి కొట్టండి. ఖాళీ ఫోల్డర్లు కొన్ని వచ్చినా నష్టం లేదు.

ఎక్కడ పేస్ట్ చేయాలి? పిక్చర్స్ ఫోల్డర్‌లో తేదీ, సందర్భం, కార్డు నంబరు కలిపి ఒక కొత్త ఫోల్డర్ చేయండి. ఉదాహరణకి "2025-02-16 పెళ్లి కార్డు 1". ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకున్నా లినక్స్‌కి ఇబ్బంది లేదు. సంవత్సరం ముందు, నెల తర్వాత, తేదీ చివర రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరసలో ఉంటాయి. ఒక కార్డుకి ఒక ఫోల్డర్ అన్న నియమం మాత్రం తప్పొద్దు. కెమెరా ఫైళ్లకి 0001 నుంచి 9999 వరకు నంబర్లు ఇస్తుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఒకే కంపెనీ కెమెరాలు వాడితే ఇద్దరి కార్డుల్లోనూ 0451 నంబరు ఫోటో ఉండొచ్చు. రెండు కార్డుల్నీ ఒకే ఫోల్డర్‌లో పోసినప్పుడు "రీప్లేస్ చేయాలా?" అని కంప్యూటర్ అడుగుతుంది. రాత్రి పూట నిద్రకళ్లతో అవునని నొక్కేస్తే మొదటి ఫోటో పోయినట్టే.

వచ్చింది నిజంగా అంతా వచ్చిందా?

దీన్ని వదిలేయకండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చి చూడటం కనీస జాగ్రత్త. కానీ సంఖ్య సరిపోయినంత మాత్రాన లోపలి డేటా బాగున్నట్టు కాదు. వదులుగా ఉన్న రీడర్, పాడవుతున్న కార్డు ఉంటే ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది, తెరిస్తే మాత్రం ఫోటోలో కింది సగం బూడిదరంగులో కనిపిస్తుంది.

బైటు బైటుకీ పోల్చే పద్ధతి సులువైనదే. ముందు కార్డుని ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టండి. ఇలా ఎందుకంటే, ఇప్పుడే చదివిన ఫైళ్లని లినక్స్ ర్యామ్‌లో దాచుకుంటుంది. వెంటనే పోలిస్తే కార్డుని చదవకుండా ర్యామ్‌లో ఉన్నదాన్నే చదవొచ్చు. కార్డు తీసి పెడితే కార్డునే మళ్లీ చదువుతుంది. ఇప్పుడు టెర్మినల్ తెరిచి డిఫ్ (డీ, ఐ, రెండు ఎఫ్‌లు) అని రాసి, ఒక ఖాళీ, ఒక హైఫన్, దాని వెంటనే ఆర్ అక్షరం, మళ్లీ ఒక ఖాళీ పెట్టండి. తర్వాత ఫైల్స్ విండోలోంచి కార్డుని తెరిచినప్పుడు కనిపించే డీసీఐఎం ఫోల్డర్‌ని పట్టుకుని టెర్మినల్ మీదికి లాగి వదలండి. దాని పూర్తి చిరునామా అదే టైప్ అవుతుంది. అలాగే మీరు కాపీ చేసిన డీసీఐఎం ఫోల్డర్‌ని కూడా లాగి వదిలి ఎంటర్ నొక్కండి. కాసేపు ఏమీ జరగనట్టు ఉంటుంది. చివరికి ఒక్క మాట కూడా రాయకుండా మళ్లీ మామూలు స్థితికి వస్తే రెండూ ఒకటేనని అర్థం. తేడా ఉంటే ఆ ఫైలు పేరు చెబుతుంది. సోనీ వాళ్లు ప్రైవేట్ ఫోల్డర్‌కి కూడా ఇదే చేయాలి.

ఆ తర్వాత రెండో కాపీ. బయటి హార్డ్ డిస్కులోకి అదే ఫోల్డర్‌ని కాపీ చేయండి. కాపీ అయ్యాక ఫైల్స్‌లో ఆ డిస్కు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, తీయొచ్చు అని చెప్పేదాకా ఆగండి. స్క్రీన్ మీద కాపీ పూర్తయినట్టు కనిపించినా, కొంత డేటా ర్యామ్‌లోనే ఉండి ఇంకా డిస్కులోకి రాస్తూ ఉండొచ్చు. అప్పుడే కేబుల్ లాగేస్తే చివరి ఫైళ్లు పాడవుతాయి. రెండు చోట్లా కాపీలు ఉన్నాకే కార్డు ఖాళీ చేయడం గురించి ఆలోచించండి.

కార్డు ఖాళీ చేయడం

కంప్యూటర్‌లో డిలీట్ చేయకండి, కెమెరా మెనూలో ఉన్న ఫార్మాట్ వాడండి. ఉబుంటులో కార్డు మీది ఫోటోల్ని డిలీట్ చేస్తే అవి నిజంగా పోవు. కార్డులోనే ట్రాష్ అనే ఒక దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తాయి. కెమెరాలో పెడితే ఒక్క ఫోటో కనిపించదు, కానీ కార్డు నిండిపోయిందని చెబుతుంది. మండపంలో నిలబడి ఉండగా ఇలా జరిగితే ఎంత టెన్షనో ఊహించుకోండి. ఇప్పటికే అలా అయ్యుంటే కార్డుని కంప్యూటర్‌లో పెట్టి, ఎడమ పక్కనున్న ట్రాష్‌ని ఖాళీ చేయండి. లేదా కాపీలు భద్రంగా ఉన్నాయని చూసుకుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. లాక్ స్విచ్‌ని పైకి జరపడం మర్చిపోకండి.

కార్డు పెట్టినా కనిపించకపోతే

సమస్య ఎక్కడుందో ఒక్కో మెట్టుగా కనుక్కోవచ్చు. ముందు డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరవండి, ఉబుంటులో ఇది ముందే ఉంటుంది. ఎడమ పక్క జాబితాలో రీడర్ పేరే లేకపోతే గొడవ కేబుల్‌తోనో, పోర్టుతోనో, రీడర్‌తోనో. హబ్‌లో పెట్టుంటే తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టి చూడండి. రీడర్ కనిపిస్తూ "నో మీడియా" అని ఉంటే కార్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా ఆ రీడర్‌కి ఆ కార్డు రకం తెలియదు. కార్డు వెనక ఉన్న బంగారు రంగు గీతల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి.

కార్డు సైజుతో సహా కనిపిస్తోంది, తెరుచుకోవడం మాత్రం లేదంటే ఫైల్ సిస్టమ్, అంటే కార్డులో ఫైళ్లని సర్దే పద్ధతి, సంగతి చూడాలి. 32 జీబీ దాటిన కార్డుల్ని కెమెరాలు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తాయి. మైక్రోసాఫ్ట్ దాని వివరాల్ని 2019 ఆగస్టులో బయటపెట్టింది. ఆ తర్వాత 2020లో వచ్చిన 5.7 కెర్నల్‌లో (కెర్నల్ అంటే లినక్స్‌కి గుండెలాంటి లోపలి భాగం) సామ్‌సంగ్ రాసిన డ్రైవర్ చేరింది. కాబట్టి ఇప్పటి సిస్టమ్‌లలో ఇది దానంతటదే పనిచేస్తుంది. అంతకు ముందు కాలం నాటి ఉబుంటునే ఇంకా పాత కంప్యూటర్‌లో వాడుతుంటే ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్ అనే ప్యాకేజీ పెట్టుకోవాలి.

ఇవేవీ కాకపోతే టెర్మినల్‌లో సుడో అని రాసి, ఖాళీ ఇచ్చి, డీ ఎం ఈ ఎస్ జీ అనే అక్షరాల్ని కలిపి రాసి, మళ్లీ ఖాళీ ఇచ్చి, హైఫన్ డబ్ల్యూ రాసి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు కార్డు తీసి పెట్టండి. కెర్నల్ ఏమనుకుంటోందో అక్కడే లైన్లు లైన్లుగా కనిపిస్తుంది. ఐ/ఓ ఎర్రర్ అని మళ్లీ మళ్లీ వస్తుంటే కార్డు పాడవుతోంది. దానితో ప్రయోగాలు చేయకుండా, వచ్చినన్ని ఫోటోల్ని బయటికి తీసేయండి. "సరిగ్గా అన్‌మౌంట్ చేయలేదు" అన్న హెచ్చరిక మాత్రమే ఉంటే భయపడక్కర్లేదు. ఫోటోలు కాపీ చేసుకుని కెమెరాలో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

ఇంకో చిన్న విషయం. ఫైల్స్‌లో కార్డు కనిపిస్తోంది, కానీ ఒక ఫోటో ప్రోగ్రామ్‌కి మాత్రం కనిపించడం లేదు అంటే ఆ ప్రోగ్రామ్ స్నాప్ (ఉబుంటులో ప్రోగ్రాములు పెట్టుకునే ఒక పద్ధతి) రూపంలో వచ్చిందేమో చూడండి. స్నాప్ ప్రోగ్రాములకి బయటి డిస్కులు చదివే అనుమతి విడిగా ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో యాప్స్ అన్నచోట ఆ ప్రోగ్రామ్‌ని ఎంచుకుని అనుమతి ఆన్ చేయండి.

కేబుల్‌తోనే పెట్టాల్సి వస్తే

కెమెరాలు కంప్యూటర్‌తో రెండు రకాలుగా మాట్లాడతాయి. ఒకటి మాస్ స్టోరేజ్, అంటే పెన్ డ్రైవ్‌లా కనిపించడం. రెండోది పీటీపీ, అంటే "నేను కెమెరాని, ఏ ఫోటో కావాలో అడిగితే ఇస్తాను" అనే పద్ధతి. సోనీ కెమెరాల మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ అన్నచోట మాస్ స్టోరేజ్ ఎంచుకోవచ్చు. పాత నికాన్ కెమెరాల్లో కూడా ఈ ఎంపిక ఉంది. ఎంపిక ఉంటే మాస్ స్టోరేజే పెట్టండి, అప్పుడు పైన కార్డుకి చెప్పినదంతా దీనికీ వర్తిస్తుంది. క్యానన్ ఈవోఎస్ కెమెరాల్లో పీటీపీయే ఉంటుంది.

పీటీపీ అంటే కంగారు పడక్కర్లేదు. లినక్స్‌లో జీఫోటో2 అనే ప్రాజెక్టు ఈ పని చూసుకుంటుంది. దాని లైబ్రరీకి 2,500కి పైగా కెమెరాలు తెలుసు. పూర్తి బ్యాటరీ పెట్టి, కెమెరా మెనూలో ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. చాలా క్యానన్ మోడళ్లలో వైఫై ఆన్‌లో ఉంటే కేబుల్ కనెక్షన్ పనిచేయదు, అది కూడా ఆఫ్ చేయండి. కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేయగానే ఫైల్స్‌లో ఎడమ పక్కన కెమెరా పేరు వస్తుంది. అక్కడి నుంచి ఫోటోల్ని నేరుగా తెరిచి ఎడిట్ చేయాలని చూడకండి, ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.

పేరు రాకపోతే మొదట కేబుల్‌ని అనుమానించండి. ఇంట్లో పడి ఉండే చాలా మైక్రో యూఎస్‌బీ కేబుళ్లు చార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలే ఉండవు.

వందల ఫోటోలు ఉంటే టెర్మినల్ దారి నమ్మకంగా ఉంటుంది. సుడో ఆప్ట్ (ఏ పీ టీ) ఇన్‌స్టాల్ జీఫోటో2 అని రాసి ప్రోగ్రామ్ తెచ్చుకోండి. కొత్త ఫోల్డర్‌లోకి వెళ్లి రైట్ క్లిక్‌తో అక్కడే టెర్మినల్ తెరవండి. జీఫోటో2 తర్వాత ఖాళీ, రెండు హైఫన్లు, ఆటో, హైఫన్, డిటెక్ట్ అని రాస్తే మీ కెమెరా మోడల్ చూపిస్తుంది. అది కనిపించాక అదే విధంగా రెండు హైఫన్లు పెట్టి గెట్, ఆల్, ఫైల్స్ అనే మూడు మాటల్ని మధ్యలో హైఫన్లతో రాయండి. కెమెరాలో ఉన్నవన్నీ ఆ ఫోల్డర్‌లోకి దిగుతాయి.

ఇక్కడ ఒక అడ్డంకి తరచూ వస్తుంది. "యూఎస్‌బీ డివైస్‌ని క్లెయిమ్ చేయలేకపోయాను" అని జీఫోటో2 ఆగిపోతుంది. కెమెరా పాడవలేదు, అనుమతుల సమస్యా కాదు. డెస్క్‌టాప్ ముందే కెమెరాని తెరిచి పట్టుకుని ఉంది. ఒకసారికి ఒక్క ప్రోగ్రామే కెమెరాతో మాట్లాడగలదు. ఫైల్స్‌లో కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, మళ్లీ కమాండ్ ఇవ్వండి. కేబుల్ తీయొద్దు, తీసి పెడితే డెస్క్‌టాప్ మళ్లీ పట్టుకుంటుంది. డార్క్‌టేబుల్‌లో టెథరింగ్ (కెమెరాని కంప్యూటర్‌కి కట్టి ఫోటోలు తీయడం) చేసేవాళ్లకి, అదే పని చేసే ఎంటాంగిల్ వాడేవాళ్లకి కూడా ఇదే చిక్కు, ఇదే పరిష్కారం.

ఫోటోల్ని తేదీల వారీగా సర్ది, పేర్లు మార్చి, అదే సమయంలో రెండో డిస్కులోకి కూడా రాయాలంటే ర్యాపిడ్ ఫోటో డౌన్‌లోడర్ చాలా మంచిది. పెళ్లి పనులు చేసే స్టూడియోలకి దాన్నే సిఫారసు చేస్తాను. ఇంటి ఫోటోలకి షాట్‌వెల్ చాలు, పెద్ద సేకరణ ఉంటే డిజికామ్. షాట్‌వెల్ దిగుమతి అయ్యాక కెమెరాలోని ఫోటోల్ని తీసేయాలా, ఉంచాలా అని అడుగుతుంది. ఎప్పుడూ ఉంచమనే చెప్పండి.

ఇప్పటికే ఫోటోలు పోయి ఉంటే

కార్డు పొరపాటున ఫార్మాట్ అయినా, ఫోటోలు డిలీట్ అయినా, ఆ క్షణం నుంచి ఆ కార్డు మీద ఒక్క ఫోటో కూడా తీయకండి. లాక్ స్విచ్ వేసి పక్కన పెట్టండి. మామూలు ఫార్మాట్‌లో జాబితా మాత్రమే చెరిగిపోతుంది, ఫోటోల డేటా కార్డులో అలాగే ఉంటుంది. దాని మీద కొత్తది రాస్తేనే పోతుంది. కెమెరాలో "లో లెవెల్ ఫార్మాట్" (కార్డు మొత్తాన్ని తుడిచేసే రకం) చేసి ఉంటే మాత్రం ఆశ చాలా తక్కువ.

డిస్క్స్‌లో కార్డుని ఎంచుకుని, పైనున్న మూడు చుక్కల మెనూలో క్రియేట్ డిస్క్ ఇమేజ్ నొక్కి, కార్డు మొత్తాన్ని ఒక ఫైలుగా కంప్యూటర్‌లోకి తీసుకోండి. కార్డు సైజంత ఖాళీ ఉండాలి. చదువుతున్నప్పుడు ఎర్రర్లు వస్తుంటే దీనికి బదులు డీడీరెస్క్యూ వాడాలి. అది చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. ఉబుంటులో దాని ప్యాకేజీ పేరు ముందు జీ అక్షరం ఉంటుంది.

ఆ తర్వాత టెస్ట్‌డిస్క్ ప్యాకేజీ పెట్టుకుంటే దానితో పాటు ఫోటోరెక్ వస్తుంది. టెర్మినల్‌లో ఫోటోరెక్ (చివర సి అక్షరం) అని రాసి, ఖాళీ ఇచ్చి, ఆ ఇమేజ్ ఫైలుని లాగి వదిలి ఎంటర్ నొక్కండి. బాణం గుర్తులతో ఎంచుకుంటూ వెళ్లాలి. ఫైల్ సిస్టమ్ అడిగినచోట "అదర్" అని ఉన్నది, వెతకాల్సిన చోటు అడిగితే "హోల్" అని ఉన్నది ఎంచుకోండి. దొరికినవాటిని దాచే ఫోల్డర్ కంప్యూటర్‌లోనే ఉండాలి, ఆ కార్డులో ఎప్పటికీ ఉండకూడదు. ఫోటోలకి పాత పేర్లు రావు, రెకప్ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్లలో కలగాపులగంగా ఉంటాయి. తీసిన తేదీ మాత్రం చాలా ఫోటోల లోపలే ఉంటుంది కాబట్టి, వాటిని డిజికామ్‌లోకి తెస్తే తేదీ వరసలో చూసుకోవచ్చు.